కోట గేటు కింద ఎదుర్కోళ్ళు

షట్టర్లు, గేట్లు చేసే కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాచారంలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ఏం చదువుకోమంటారు?" అని అడుగుతారు. స్ప్రింగు లెక్కలు, వైరు తాడు బలం, మోటారు సైజు పుస్తకాల్లో ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లో కూడా ఉన్నాయి. వాటికోసం నా దగ్గరికి రానక్కర్లేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. పక్కకి తెరుచుకునే తలుపు చేసేవాళ్ళ సంగతి వేరు. పైనుంచి కిందికి దిగే తలుపు చేసేవాళ్ళం మాత్రం జనం నెత్తి మీద బరువు వేలాడదీసి, సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినేవాళ్ళం. ఆ అన్నం అరగాలంటే ఏం చేయాలో రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, జీతం ఎంత పెరిగిందో ఇక్కడ రాయను. అవి మా ఆయనకే ఆసక్తి లేని విషయాలు.

కరెంటు పోతే

మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి మౌలాలి వచ్చారు. నేను పెరిగింది అక్కడి క్వార్టర్లలో. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షట్టర్ల కంపెనీలో చేరాను. షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా మాట తీరు చూసి అందరికీ నవ్వు. "మేడం, మీరు 'అండి' అనంగనే కస్టమర్ సగం భయపడ్తడు, ఏదో తప్పు దొరికిందని" అనేవాడు ఫోర్‌మన్ ఖాజా భాయ్. అతను వెల్డింగులో మొనగాడు. మాటల్లో అంతకన్నా మొనగాడు.

కంపెనీ ఓనరు నర్సింగరావు గారు. నేను గీసిన మొదటి డ్రాయింగు ఆయన ముందు పెట్టినప్పుడు కొలతలు చూడనే లేదు.

"కరెంటు పోతే ఏమైతదమ్మా?" అన్నారు.

"మోటారు ఆగిపోతుంది సార్."

"మోటార్ సంగతి నేనడుగుతలేను. షట్టర్ ఏమైతది?"

ఆ రోజుల్లో నాచారంలో కరెంటు పూటకోసారి పోయేది కాబట్టి ఇది ఉత్తుత్తి ప్రశ్న కాదు. సగం దిగిన షట్టరు అక్కడే నిలబడాలా, మెల్లగా దిగిపోవాలా, చేత్తో ఎత్తడానికి వీలుండాలా? కొట్టుకి వేసే షట్టరైతే ఉన్నచోటే ఆగాలి. మంటలు పక్క గదికి పాకకుండా గోడౌనులో పెట్టే ఫైర్ షట్టరైతే కరెంటు ఉన్నా లేకున్నా దిగి తీరాలి. అన్నీ చెడిపోయినప్పుడు తలుపు ఎటు పోవాలి అన్నదే మా పనిలో మొదటి ప్రశ్న. మిగతాదంతా కూలి పని. "ఎటు పోవాల్నో నువ్వు చెప్పకుంటే అదే చెప్తది, నీకు నచ్చకుండ చెప్తది" అనేవారు ఆయన. ఆ ఒక్క ప్రశ్న నేర్పినందుకు ఆయన కోపాలూ, చాదస్తాలూ అన్నీ మాఫీ చేశాను.

స్టూలు

రెండో పాఠం ఒక స్టూలు నేర్పింది. మేము ఫైర్ షట్టరు పెట్టిన ఒక గోడౌనుకి ఏడాది తర్వాత తనిఖీకి వెళ్ళాను. వేడి తగలగానే కరిగే చిన్న లంకె ఒకటి ఉంటుంది, అది తెగితే షట్టరు దానంతటదే దిగుతుంది. లంకె బాగుంది, గొలుసు బాగుంది, గ్రీజు కూడా పెట్టి ఉంది. షట్టరు కింద మాత్రం సరిగ్గా మధ్యలో ఒక ఇనప స్టూలు ఉంది.

"ఇదెందుకండీ ఇక్కడ?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"ఒక్కపారి లోడింగ్ నడుస్తుంటే ఉత్తగనే దిగింది మేడం. హమాలీలు లొల్లి చేసిన్రు. అప్పటిసంది స్టూల్ పెట్టినం. ఇగ ఫికరే లేదు."

అతని మీద అరవొచ్చు. అక్కడి మేనేజరు అరిచాడు కూడా. దానివల్ల స్టూలు వారం రోజులు పక్కకి జరుగుతుందేమో, తర్వాత మళ్ళీ అక్కడికే వస్తుంది. మేము షట్టరు పెట్టింది హమాలీలు రోజంతా బస్తాలు మోసే దారిలో. పనికి అడ్డొచ్చే రక్షణని జనం ఏదో ఒకటి పెట్టి ఆపేస్తారు, వాళ్ళ చోట నేనున్నా అదే చేస్తాను. లోడింగు దారి పక్క గుమ్మంలోకి మార్పించాం. స్టూలు దానంతటదే వాచ్‌మన్ గదిలోకి పోయింది.

యంత్రం ఏం చేస్తుందో తెలిస్తే సగం ఇంజనీరు. దాని కింద మనుషులు ఏం చేస్తారో కూడా తెలియాలి. అసలు కథ అదే.

జంగారెడ్డి గారి కోట

నేను రిటైర్ కావడానికి కొద్దికాలం ముందు జంగారెడ్డి గారని ఒక పెద్దమనిషి మా షెడ్డుకి వచ్చారు. మేడిపల్లి అవతల ఫంక్షన్ హాలు కడుతున్నారు. ముందు భాగమంతా కోటలా ఉంటుంది. బురుజులు, రాయిలా కనిపించే ప్లాస్టరు, పైన జెండాలు. ఫోన్లో ఒక బొమ్మ చూపించి, "ఇసొంటి గేట్ గావాలె" అన్నారు.

అది యూరప్ కోటల గేటు. పోర్ట్‌కల్లిస్ అంటారు. బరువైన దుంగలతో అల్లిన జాలీ తలుపు, కింద ఇనప మొనలు. గుమ్మానికి రెండు పక్కలా గోడలో గాడి ఉంటుంది, తలుపు ఆ గాడిలో పైకీ కిందికీ నడుస్తుంది. పైన చిన్న గది, అందులో గొలుసులు చుట్టే చక్రం. ఎత్తడానికి నలుగురు కావాలి. దించడానికి ఒక్కడు చాలు, చక్రానికి వేసిన ఆపు తీసేస్తే దాని బరువుకి అదే పడిపోతుంది. శత్రువు గుర్రం మీద దూసుకొస్తుంటే తీరిగ్గా తలుపులు మూసి గడియ పెట్టే వ్యవధి ఎవరికుంటుంది? కొన్ని కోటల్లో ఇలాంటివి రెండు వరసగా పెట్టేవారు. శత్రువుల్ని సగం లోపలికి రానిచ్చి ముందొకటి, వెనకొకటి దించేస్తే మధ్యలో వాళ్ళు బోనులో పడ్డట్టే.

మన గోల్కొండలో తలుపులు పక్కకి తెరుచుకునేవే. ఏనుగులు కుమ్మకుండా వాటికి మేకులు, పరుగున రాకుండా గుమ్మం ముందు అడ్డగోడ. పైనుంచి పడే తలుపు మీద ఇక్కడివాళ్ళకి పెద్దగా మోజు లేనట్టుంది. జంగారెడ్డి గారికి పుట్టింది.

"హాల్ల మొదటి పెండ్లి మా పెద్దబిడ్డదే" అన్నారు ఆయన. "అల్లుడు లోపలికొచ్చినంక ఎనుక నుంచి గేట్ ధడేల్‌మని పడాలె. ఇగ వానికి తప్పించుకునే తొవ్వ లేదని అందరు నవ్వాలె. గంతే."

ఆ మాటకి నేను కూడా నవ్వాను. "చేద్దాం సేట్, గదేం పెద్ద పని" అన్నాడు ఖాజా భాయ్.

చేశాం. పైన చెక్క తొడుగు, లోపల ఇనప చట్రం, ఒక కారంత బరువు. మామూలుగా మోటారుతో మెల్లగా దిగుతుంది. కింద ఎవరైనా దాటుతుంటే సెన్సర్ చూసి ఆపేస్తుంది. తాడు తెగితే పట్టుకునే బిగింపు పెట్టాం. ఇవి కాక, జంగారెడ్డి గారు కోరిన "ధడేల్" కోసం పై గదిలో ఒక లివరు. అది లాగితే బ్రేకు వదిలేస్తుంది, గేటు బరువుకొద్దీ పడుతుంది. దానికి సెన్సర్ లేదు, బిగింపు లేదు. పడడానికే కదా లివరు పెట్టింది.

ఇక్కడే మా గేటుకీ ఆ కోట గేటుకీ చుక్కెదురు. అన్నీ చెడిపోయినా సరే తలుపు పడాలి అని ఆ కోట కట్టినవాడి కోరిక. అన్నీ చెడిపోయినా సరే పడకూడదు అని నా కోరిక. లివరు వద్దని మొదటే అన్నాను. "పైన మనిషి ఉంటడమ్మా, చూసి లాగుతడు" అన్నారు నర్సింగరావు గారు. ట్రయల్ రోజు అందరం ఒక్కొక్కరం కింద నుంచి నడిచాం. చివరివాడు దాటాక లివరు లాగితే గేటు రబ్బరు దిమ్మల మీద దద్దరిల్లుతూ పడింది. జంగారెడ్డి గారు వీడియో తీసి చుట్టాలందరికీ పంపారు.

మల్కాజిగిరిలో నిలబడ్డప్పుడు

ఆ తర్వాత కొద్ది రోజులకి మల్కాజిగిరిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మాది ఆడపిల్లవైపు కాబట్టి మగపెళ్ళివారికి ఎదురెళ్ళి స్వాగతం చెప్పే బృందంలో నేనున్నాను. ఎదుర్కోళ్ళంటే మీకు తెలిసిందే. నా చేతిలో పన్నీటి బుడ్డి పెట్టి గుమ్మంలో నిలబెట్టారు.

పెళ్ళికొడుకు వచ్చాడు, ఆగాడు. హారతి పట్టారు. హారతి పట్టినవాళ్ళ ఫోటో, హారతి లేకుండా ఇంకో ఫోటో. మరదళ్ళు రిబ్బను అడ్డం కట్టి, పెళ్ళికూతురు పేరు పెట్టి పాట పాడితే గానీ లోపలికి రానివ్వం అన్నారు. అతను సిగ్గుపడ్డాడు, అతని తరఫున స్నేహితుడొకడు పాడాడు. మేళం వాళ్ళు లోపలికి పోవాలా బయట ఆగాలా తెలియక మధ్యలో ఆగారు. వెనకవాళ్ళు తోస్తున్నారు, ముందువాళ్ళు కదలడం లేదు. అంతమంది జనం సరిగ్గా గుమ్మం గీత మీద నిలబడి నవ్వుకుంటున్నారు. పన్నీరు చల్లుతూ నేను తల పైకెత్తి చూశాను.

నాకు భయం వేసింది. అక్కడ పైన పూలదండలు తప్ప ఏమీ లేవు. నా కళ్ళకి మాత్రం మేడిపల్లి గేటు మొనలు కనిపించాయి.

కోటలో ఆ గేటు కింద ఎవరూ నిలబడరు, ఒక్క ఉదుటున దాటిపోతారు. మా ట్రయల్లో మేమూ దాటిపోయాం. మన పెళ్ళిలో గుమ్మం దాటిపోయే చోటు కాదు, అందరూ ఆగే చోటు. నిలబడ్డవాళ్ళలో ఆడవాళ్ళు, పసిపిల్లలు, చేతిలో పళ్ళేలు ఉన్నవాళ్ళు. ఎవరూ పైకి చూడరు. ఆ చుట్టుపక్కల పది పెళ్ళిళ్ళకి వెళ్ళినవాడెవడికైనా ఇది తెలుసు. డ్రాయింగు గీసేటప్పుడు మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు.

తాళం

మర్నాడు నర్సింగరావు గారితో కలిసి మేడిపల్లి వెళ్ళాను. గేటు పైకెత్తాక రెండు పక్కలా గాడిలోకి లావుపాటి ఉక్కు పిన్నులు దూర్చి తాళం వేయాలి, హాల్లో జనం ఉన్నంతసేపు అవి తియ్యకూడదు, లివరు లాగినా గేటు వాటి మీదే కూర్చోవాలి అని చెప్పాను. ఖాళీ హాల్లో ఎన్నిసార్లయినా ధడేల్ అనిపించుకోవచ్చు.

జంగారెడ్డి గారి మొహం మాడిపోయింది. "నా బిడ్డ పెండ్లిల నా గేట్‌కు తాళమేస్తరా మేడం? పడని గేట్ గేటెట్లయితది? బొమ్మయితది."

"బొమ్మే కానివ్వండి. దాని కింద హారతి పట్టేదెవరండీ?"

"మా ఆమె."

"రిబ్బను కట్టేది?"

"మా చిన్నబిడ్డ. దాని దోస్తులు." అయినా పట్టు వదల్లేదు. "లివర్ కాడ మనిషుంటడు గద. మా బామ్మర్ది శ్రీకాంత్ కింద నిలవడి, పైనోనికి ఫోన్ల చెప్తడు."

"పై గదిలో వాడికి రోడ్డు కనిపిస్తుందండీ, గుమ్మం కనిపించదు. ఆ గది కట్టింది వచ్చే శత్రువుని చూడ్డానికి. కింద ఉన్న సొంతవాళ్ళని చూడ్డానికి కాదు."

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ దగ్గర ట్రాఫిక్కులో కారు ఆగినప్పుడు నర్సింగరావు గారు మొదలుపెట్టారు. "పద్మమ్మా, పత్రికలు పంచిన్రు. పెద్దమనిషి మనసు నొచ్చుకుంటడు. జర చూడు. ఒక్కపారి పడితే అయిపాయె."

ఆయన మంచి ఇంజనీరు. కస్టమరు దోస్తు కానంతవరకు. దోస్తు అయితే ఆయన డ్రాయింగులో గీతలు మెత్తబడతాయి. ఇది నేను ఆయన మొహం మీదే అనగలిగేదాన్ని కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"సార్, కరెంటు పోతే ఏమవుతుందని నాకు నేర్పింది మీరు" అన్నాను. "మనిషి తొందరపడితే ఏమవుతుందని నేనడుగుతున్నాను. మీ దగ్గర జవాబుంటే పిన్నులు వద్దులెండి."

సిగ్నల్ దాటాక, "పెట్టు" అన్నారు.

పిన్నులకి ఎర్ర రంగు వేద్దామనుకున్నాను, దూరం నుంచి కూడా ఉన్నాయో లేవో తెలిసేలా. ఫోటోల్లో పడతాయని జంగారెడ్డి గారు ఒప్పుకోలేదు. గోడ రంగే వేయించారు. రంగు విషయంలో తగ్గాను, తాళం విషయంలో తగ్గలేదు. పిల్లలూ, ఎక్కడ తగ్గాలో తెలియనివాడు ఈ పనిలో నాలుగు రోజులుండలేడు. ఎక్కడ తగ్గకూడదో తెలియనివాణ్ణి అసలు ఉండనివ్వకూడదు.

పెళ్ళి

పెళ్ళి ఉదయం ముహూర్తానికి. నన్ను పిలిచారు, అక్కసు పెట్టుకోలేదు. ముందుగా వెళ్ళి నిచ్చెన వేయించుకుని రెండు పిన్నులూ చేత్తో పట్టి చూశాను. డెకరేషన్ వాళ్ళు వాటికే బంతిపూల దండలు వేలాడదీశారు. పోనీలే అనుకున్నాను. నిచ్చెన పట్టుకున్న ఖాజా భాయ్, "పట్టుచీర కట్టి నిచ్చెనెక్కిన ఇంజనీర్‌ను మిమ్ముల్నే సూసిన మేడం" అన్నాడు. దిగి తాళంచెవులు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటి ముందే చెబుతాను. గేటుకి తాళం వేశారని జంగారెడ్డి గారు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నామోషీ అనిపించింది. పడుతుంది పడుతుందని ఊరంతా చెప్పుకుని, ఇప్పుడు పడదని ఎలా చెప్తారు? ఆ సమయానికి ఏదో సర్దిచెప్దామనుకున్నారు. అంచేత బామ్మర్ది శ్రీకాంత్ తన ఏర్పాటు తాను చేసుకున్నాడు. పై గదిలో లివరు దగ్గర మనిషిని పెట్టి, ఫోన్ చేసి ఒక్క మాట చెప్పగానే లాగమన్నాడు.

పెళ్ళికొడుకు వచ్చాడు. జంగారెడ్డి గారి భార్య హారతి ఇచ్చింది. చిన్నకూతురు, స్నేహితురాళ్ళు రిబ్బను పట్టుకుని పాట పాడించారు. పాటయింది, రిబ్బను కత్తిరించారు. పెళ్ళికొడుకు గుమ్మం దాటి నాలుగడుగులు లోపలికి వచ్చాడు. వెనక వాళ్ళూ కదిలారు. శ్రీకాంత్ ఫోన్ చెవికి పెట్టుకుని మేళం గోలకి దూరంగా, మావైపు వీపు తిప్పాడు.

సరిగ్గా అప్పుడు డ్రోన్ ఎగరేస్తున్న కుర్రాడు అరిచాడు. "అన్నా, షాట్ రాలే. జర ఎనుకకు పోండ్రి. ఇంకోపారి."

పెళ్ళికొడుకు నవ్వుతూ వెనక్కి తిరిగాడు. హారతి పళ్ళెంతో ఆవిడ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. ఆడపిల్లలు తెగిన రిబ్బను ముడేసి పట్టుకున్నారు. ఎవరో చంటిపిల్లని ఫోటోలో పడాలని ముందుకి ఎత్తి పట్టుకున్నారు. అందరూ గీత మీదికి వచ్చేశారు.

శ్రీకాంత్, "లాగు" అన్నాడు.

పైన ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు మేళాన్ని మించిపోయింది. గేటు రెండు వేళ్ళ మందం దిగి, పిన్నుల మీద కూర్చుంది. కదల్లేదు. ఆ అదురుకి దండలు తెగి బంతిపూల రేకులు గుప్పున పెళ్ళికొడుకు మీద, హారతి మీద, పిల్లల జుట్టు మీద రాలాయి.

ఒక్క క్షణం అందరూ పైకి చూశారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. "ఎఫెక్ట్ మస్తుంది" అన్నారెవరో. మేళం అందుకుంది. డ్రోన్ కుర్రాడు షాట్ వచ్చిందని బొటనవేలు ఎత్తి చూపించాడు. నా ఉద్యోగంలో నా పనికి జనం చప్పట్లు కొట్టింది అదొక్కసారే. ఎందుకు కొడుతున్నారో వాళ్ళకి తెలియదు. నేను హ్యాండ్‌బ్యాగులో తాళంచెవులు తడిమి చూసుకున్నాను.

జంగారెడ్డి గారు చప్పట్లు కొట్టలేదు. ఆయన పైకి కూడా చూడలేదు. గుమ్మంలో ఉన్నవాళ్ళనే ఒక్కొక్కరిగా చూశారు. భార్యని, చిన్నకూతుర్ని, అల్లుణ్ణి, ఆ చంటిపిల్లని. తర్వాత జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, భార్య భుజం పట్టుకుని, "ఇంకో ఫోటో లేదు, లోపలికి నడువున్రి" అని అందర్నీ లోపలికి తోలారు. గుమ్మం ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చారు. నుదుటి మీద చెమట, చెమటకి అంటుకున్న పూరేకు.

"మేడం, తాళంచెవులు మీ కాడనే ఉన్నయి గద?"

"నా దగ్గరే ఉన్నాయండి."

"నాకియ్యకున్రి" అన్నారు. "రేపు నేనొచ్చి అడిగినా ఇయ్యకున్రి."